పాల్మాకుల పాలకూరలో సీసం

2022వ సంవత్సరం, వానాకాలం చివర. శంషాబాద్ దగ్గర తొండుపల్లిలో, విమానాశ్రయానికి ఎంతో దూరం లేని ఒక ప్రైవేటు ల్యాబ్‌లో నేను సీనియర్ అనలిస్టుగా పనిచేస్తున్నాను. తినే వస్తువుల్లో, తాగే నీళ్లలో, మట్టిలో సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం లాంటి లోహాలు ఎంత ఉన్నాయో కొలవడం నా పని. వీటికి రుచి ఉండదు, వాసన ఉండదు. ఒంట్లోకి కొంచెం కొంచెంగా చేరి పిల్లల మెదడును, పెద్దల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

మేము ఎంత తక్కువ మోతాదు కొలుస్తామో చెప్తే బంధువులు కూడా నమ్మరు. ఒక ట్యాంకర్ నీళ్లలో నాలుగైదు ఉప్పు రవ్వలు వేసి కలిపితే, ఆ ఉప్పును పట్టుకోవడం లాంటిది. శాంపిల్‌ను మొదట నైట్రిక్ యాసిడ్‌లో వేసి, మూత బిగించిన టెఫ్లాన్ గిన్నెల్లో మైక్రోవేవ్ వేడి మీద పూర్తిగా కరిగిస్తాం. దీన్ని డైజెషన్ అంటాం. ఆకు వేస్తే ఆకు మిగలదు, తేటనీళ్లలాంటి ద్రవం మిగులుతుంది. ఆ ద్రవాన్ని ఐసీపీ-ఎంఎస్ అనే యంత్రానికి ఇస్తే, అది సూర్యుడి పైపొర కంటే వేడిగా ఉండే జ్వాలలోకి చల్లి, పరమాణువులను బరువును బట్టి వేరు చేసి, ఏ లోహం ఎంత ఉందో చెప్తుంది. మా దగ్గర ఆ యంత్రాన్ని చూసుకునేది ఇలియాస్ భాయ్. శంషాబాద్‌లోనే పుట్టి పెరిగినవాడు. యంత్రం పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు ఒకసారి ‘బిస్మిల్లా’ అనుకోకుండా స్విచ్ వేయడు.

ఒకరోజు పొద్దున ల్యాబ్ ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి ఇద్దరు ఆడవాళ్లు దిగారు. పెద్దామె చేతిలో తడి గోనెసంచి, సంచి నిండా పాలకూర కట్టలు. పేరు అండాళమ్మ, ఊరు పాల్మాకుల. ఊళ్లో కొందరు ఆడవాళ్లు కలిసి కౌలుకు నేల తీసుకుని పాలకూర, మెంతికూర, కొత్తిమీర పండిస్తారు. వాళ్లందరి తరఫున ముందు నడిచేది ఈమే. విమానాల్లోకి భోజనాలు వండి పంపే ఒక పెద్ద కిచెన్‌కు రెండేళ్లుగా వాళ్ల కూరే పోతోంది.

“మేడం, మా కూరల సీసం ఉన్నదంట. సీసమంటె నేను సీసపెంకులనుకున్న. ఆకుకూరల సీసపెంకులు ఎట్లుంటయని ఆళ్లతోని కొట్లాడిన. అది పెంకులు గాదమ్మా, విషమని చెప్పిన్రు” అంది అండాళమ్మ.

కిచెన్ వాళ్లు మామూలుగా చేసే తనిఖీలో భాగంగా వేరే ల్యాబ్‌లో పరీక్ష చేయించారు. సీసం పరిమితి దాటింది. మర్నాడే కూర ఆపేశారు. కబురు అక్కడితో ఆగలేదు. పాల్మాకుల మన్ను గాలిమోటర్ల, అంటే విమానాల, పొగకు ఖరాబైపోయిందన్న మాట శంషాబాద్ మార్కెట్ దాకా పాకింది. ఊళ్లో మిగతా రైతుల కూర కూడా కొనేవాళ్లు లేకుండా పోయారు. వాళ్లంతా అండాళమ్మ మీద పడ్డారు. కౌలుకు నేల ఇచ్చిన ఆసామి, ఎట్లాగూ పంట పనికిరాదు కాబట్టి ప్లాట్లు చేసి అమ్ముకుంటానని మొదలుపెట్టాడు.

ఇదంతా ఆమె గట్టిగా, కోపంగానే చెప్పింది. ఆ తర్వాత పక్కనున్న అమ్మాయి భుజం మీద చేయి వేసింది. గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

“ఇది నా కోడలు, రేణుక. ఐదో నెల. రక్తం పడ్తదని పొద్దుమాపు గీ పాలకూరనే పెట్టిన. అది వద్దంటుంటే బలిమికి తినిపిచ్చిన. చెప్పు మేడం, నా చేతులతోని నేనే విషం పెట్టిన్నా?”

గర్భిణి ఒంట్లో సీసం చేరితే కడుపులో బిడ్డకూ చేరుతుందని నాకు తెలుసు. ఆ మాట ఆమెతో అనలేదు. “అక్కా, ముందు రేణుక రక్తం పరీక్ష చేయిద్దాం. కూర సంగతి నేను చూస్త. రెండూ తెలిసినంక మాట్లాడుకుందాం” అన్నాను. నాకు తెలిసిన డాక్టరమ్మకు ఫోన్ చేసి వాళ్లను ఆమె దవాఖానకు పంపాను.

మా పనిలో ఒక్క శాంపిల్‌ను ఒక్కసారే కొలిచి ఊరుకోం. ఒకే సంచిలోంచి రెండు భాగాలు తీసి వేర్వేరుగా నడిపిస్తాం. దాన్ని డూప్లికేట్ అంటాం. రెండూ దగ్గర దగ్గరగా రావాలి. వాటితో పాటు ఆకు వేయకుండా ఖాళీ యాసిడ్‌ను కూడా అన్ని దశలూ దాటిస్తాం. అది బ్లాంక్. బ్లాంక్‌లో సీసం కనబడిందంటే అది ఆకులోది కాదు, మా గిన్నెల్లోదో మా చేతులదో అన్నమాట.

అండాళమ్మ పాలకూరకు రెండు భాగాలూ రెండు రకాలుగా వచ్చాయి. ఒకదాంట్లో సీసం దాదాపు లేదు. రెండోదాంట్లో పరిమితికి ఎన్నో రెట్లు.

మొదట మమ్మల్ని మేమే అనుమానించుకున్నాం. గాలిలో దుమ్మా? గిన్నెలు సరిగా కడగలేదా? ఇలియాస్ భాయ్ ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

“మేడం, బ్లాంక్ చూడున్రి, పాలలెక్క సాఫ్ ఉన్నది. నా మిషన్ల గల్తీ లేదు.”

“మిషన్‌ను అంటలేను భాయ్. మనం మళ్లొకసారి మొదటినుంచి చేద్దాం.”

గిన్నెలన్నీ యాసిడ్‌లో నానబెట్టి, కొత్త గ్లవ్స్ వేసుకుని, అదే సంచిలోంచి ఈసారి ఎక్కువ భాగాలు తీసి నడిపించాం. చాలా భాగాలు శుభ్రంగా వచ్చాయి. ఒకటి మాత్రం మళ్లీ ఆకాశానికి ఎగిరింది. బ్లాంక్‌లు శుభ్రమే. మేమే తెలిసిన మోతాదులో సీసం కలిపి పెట్టిన శాంపిల్ కూడా కలిపినంతే చూపించింది. తప్పు మాది కాదు.

మా ల్యాబ్ మేనేజర్ మూర్తి గారిది గుంటూరు వైపు. నెమ్మదస్తుడు, పద్ధతి మనిషి. ఫలితాలన్నీ చూసి కళ్లజోడు తీశారు.

“సుజాత గారూ, ఇంత మథనం ఎందుకండీ? అన్నీ కలిపి సగటు తీసి రిపోర్టు ఇచ్చేద్దాం. సగటు పరిమితి దాటుతోంది. మన బాధ్యత తీరిపోతుంది కదా.”

“ఆ సగటంత సీసం ఉన్న ఆకు ఆ సంచిలో ఒక్కటి కూడా లేదు సార్” అన్నాను.

ఆయనకు నేను వివరించిన సంగతి ఇది. మొక్క వేరు ద్వారా మట్టిలోంచి సీసం పీల్చుకుంటే, అది పప్పులో ఉప్పులా ఆకుల్లో అంతటా ఉంటుంది. ఏ భాగం తీసినా కాస్త అటూ ఇటూగా ఒకే లెక్క రావాలి. ఇక్కడ అట్లా లేదు. అన్నంలో రాయిలా ఉంది. తొమ్మిది ముద్దలు బాగానే ఉంటాయి, పదో ముద్దలో పళ్ల కింద టక్కుమంటుంది. అంటే సీసం ఆకు లోపల లేదు. ఎక్కడినుంచో నలకలుగా వచ్చి ఆకు మీద అంటుకుంది.

మూర్తి గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని ఆ అంకెలను ఇంకోసారి చూశారు. “అయితే ఆ నలకలు ఎక్కడివో కనుక్కోండి. ఈలోగా కిచెన్ వాళ్లు వేరేవాళ్లతో ఒప్పందం చేసుకోకుండా నేను మాట్లాడతాను” అన్నారు. ఆ మాటకు నాకు వెయ్యేనుగుల బలం వచ్చినట్లయింది.

ఈలోగా దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. రేణుక రక్తంలో సీసం భయపడాల్సినంత లేదు. డాక్టరమ్మ గొంతులోనే నవ్వు వినిపించింది. అండాళమ్మకు చెప్పగానే ఫోన్లోనే ఏడ్చేసింది. నాకు మాత్రం సంతోషంతో పాటు ఒక ప్రశ్న పుట్టింది. రోజూ పాలకూర తిన్న అమ్మాయి రక్తం బాగుంది. కిచెన్‌కు పోయిన పాలకూర బాగాలేదు. కూర ఒక్క మడిలోదే. మరి తేడా ఎక్కడ వచ్చింది?

మర్నాడు ఇలియాస్ భాయ్, నేను పాల్మాకుల పోయాం. తోటలో ఆడవాళ్లంతా మాకోసం ఎదురుచూస్తున్నారు. కొందరి ముఖాల్లో ఆశ ఉంది, కొందరి ముఖాల్లో ఇంకొకరు వచ్చి ఇంకో నింద వేసిపోతారన్న చిరాకు ఉంది. నేను పురుగుమందుల సంగతి అడగగానే అండాళమ్మ కస్సుమంది.

“మందులు గిందులు ఏం కొట్టం. పెంట ఎరువు తప్ప ఒక్క చుక్క వెయ్యలే. కావాలంటె మడిల కూసొని చూడు.”

“కోపం చెయ్యకక్కా. నేను అన్నీ అడుగుత. అడగకుంటె నాకు దొరకది.”

పొద్దున కోత మొదలు ఆటో ఎక్కించేదాకా కూర ఏ దారిన పోతుందో ఆ దారినే నడిచాం. మడిలో మట్టి తీసుకున్నాం. బోరు నీళ్లు పట్టుకున్నాం. మడిలోంచే కోసిన ఆకు ఒక సంచిలో, కడిగిన ఆకు ఇంకో సంచిలో, కట్ట కట్టిన ఆకు మరో సంచిలో వేసుకున్నాం. రేణుకకు పెట్టిన కూర ఏదని అడిగితే, “ఇంటికి పొయ్యేటప్పుడు మడిలకెల్లి పిడికెడు తెంపుకొని పోత. ఇంట్ల నల్ల తిప్పి కడిగి వండుత” అంది అండాళమ్మ. ఇలియాస్ భాయ్, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

కిచెన్‌కు పోయే కూరను మాత్రం బోరు పక్కన ఉన్న పెద్ద ఇనుప తొట్టిలో కడుగుతారు. మొదటిరోజు మాకు తెచ్చిన కట్టలూ అందులో కడిగినవే. మందమైన ఇనుము. లోపలంతా ఎర్రటి రంగు, అక్కడక్కడ లేచిపోయి ఉంది.

“ఈ తొట్టి ఎప్పటిదక్కా?”

“మొన్న ఎండాకాలం ఎల్లంగ తెచ్చుకున్నం. అంతకుముందు ప్లాస్టిక్ తొట్టుండె, అది పలిగింది. పాత సామాన్ల కొట్ల ఇది దొరికింది. ఎన్నేండ్లయినా తుప్పు పట్టదన్నడు.”

“రోజు కడుగుతరా?”

“కడగకుంటెట్ల? పీచు పెట్టి రుద్ది రుద్ది కడుగుతం. గాలిమోటరెక్కెటోళ్లు తినే కూర గదా. జర మన్ను కనబడ్డా ఊకుంటరా?”

ఇనుము తుప్పు పట్టకుండా వెనకట ఒక ఎర్ర రంగు పూసేవారు. చూడ్డానికి సిందూరంలా ఉంటుంది. అది సీసంతోనే తయారవుతుంది. అక్కడే చెప్పేయాలనిపించింది. కానీ ఆ తొట్టి రంగు అదేనని అప్పటికి నాకు తెలియదు. మామూలు ఎర్ర రంగులు ఎన్నో ఉన్నాయి. తొట్టి నీళ్లు ఒక సీసాలో పట్టుకుని, అడుగున మిగిలిన మడ్డి తీసుకుని, లేచిన రంగు పెచ్చులు కొన్ని గీకి వేరే కవర్లో వేసుకున్నాను. “ఫలితం వచ్చేదాంక ఈ తొట్టి ముట్టకున్రి” అని మాత్రం చెప్పి వచ్చాను.

ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం నేను ఇంకో గదిలో ఉన్నాను. ఇలియాస్ భాయ్ గొంతు కారిడార్ అంతా మోగింది.

“మేడం! జల్ది రాండ్రి ఇటు!”

పరుగెత్తాను. తెర మీద మడి మట్టి మామూలుగా ఉంది. బోరు నీళ్లు శుభ్రం. మడిలోంచి కోసిన ఆకులో ఎన్ని భాగాలు తీసినా, అన్నీ శుభ్రం, అన్నీ ఒక్కలెక్క. కడిగిన ఆకు దగ్గర మాత్రం మళ్లీ అదే గంతులాట. ఇక తొట్టి మడ్డి దగ్గరికి వచ్చేసరికి గీత తెర పైఅంచుకు తగిలి నిలబడింది.

“ఎన్నిసార్లు పలుచగ చేసినా గట్లనే కొడుతున్నది. పెచ్చులయితె ఇగ అడగకున్రి. మొత్తం సీసమే” అన్నాడు ఇలియాస్ భాయ్. అతని కళ్లు మెరుస్తున్నాయి.

ఇంకొక్క పని మిగిలింది. తొట్టి నీళ్లను సన్నటి ఫిల్టర్ కాగితం గుండా వడగట్టాను. కిందికి దిగిన నీళ్లలో సీసం లేనట్టే. కాగితాన్ని భూతద్దం కింద పెడితే తెల్లటి కాగితం మీద ఎర్రటి చుక్కలు, కారప్పొడి చల్లినట్టు. నలకలు దొరికాయి. మూర్తి గారు వచ్చి భూతద్దం మీదికి వంగి, “ఆహా, ఇవిగో!” అన్నారు చిన్నపిల్లవాడిలా.

అప్పుడు అంతా అర్థమైంది. ఆ ఆడవాళ్లు ఎంత శుభ్రంగా ఉండాలని తొట్టిని రుద్దారో, అంత రంగు లేచి నీళ్లలో కలిసింది. ఆకుమడతల్లో ఒక నలక ఇరుక్కుంటే ఆ కట్ట విషం, ఇరుక్కోకపోతే ఆ కట్ట మంచిది.

అయితే మాకు తెలిస్తే సరిపోదు. కిచెన్ వాళ్ల క్వాలిటీ అధికారి మా ల్యాబ్‌కు వచ్చి అంతా విన్నాడు. మర్యాదగానే, కానీ నిక్కచ్చిగా మాట్లాడాడు.

“మేడం, మీరు చెప్పింది బాగానే ఉంది. కానీ శాంపిళ్లు మీరే తెచ్చుకున్నారు, మీరే కొలిచారు. ప్రయాణికుల ఆరోగ్యం విషయంలో నేను నమ్మకం మీద నడవలేను.”

“నడవొద్దు” అన్నాను. “మీరే వచ్చి కోయండి.”

మూర్తి గారు అందుకున్నారు. “కోయడమే కాదండీ, పేర్లు కూడా మీరే మార్చండి. ఏ సంచి ఏదో మాకు చెప్పకండి. సగం మాకివ్వండి, సగం ముందు పరీక్ష చేసిన ల్యాబ్‌కే ఇవ్వండి.”

అట్లాగే జరిగింది. అధికారి స్వయంగా పాల్మాకుల వచ్చి ఒకే మడిలో కూర కోయించాడు. కొంత కడగకుండా ఉంచాడు. కొంత పాత ఇనుప తొట్టిలో, కొంత ఆడవాళ్లు కొత్తగా తెచ్చుకున్న స్టీలు తొట్టిలో కడిగించాడు. సంచుల మీద తనకు మాత్రమే తెలిసిన గుర్తులు వేసుకున్నాడు. అండాళమ్మ గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి అంతా చూసింది.

ఫలితాల రోజు అందరం మా మీటింగ్ గదిలో కూర్చున్నాం. ఈమాటు అండాళమ్మతో పాటు తోట ఆడవాళ్లంతా వచ్చారు. కుర్చీలు చాలక కొందరు గోడకు ఆనుకుని నిలబడ్డారు. అధికారి ఒక చేతిలో మా ఫలితాలు, ఇంకో చేతిలో రెండో ల్యాబ్ ఫలితాలు పెట్టుకుని, తన గుర్తులతో ఒక్కొక్కటే సరిచూసుకున్నాడు. ఇన్నేళ్ల అనుభవం ఉన్నా, గుర్తులు తెలియని శాంపిల్ ముందు ఏ అనలిస్టు అయినా పరీక్ష రాసిన విద్యార్థే.

అతను తలెత్తాడు. “కడగనివన్నీ శుభ్రం. స్టీలు తొట్టిలోవన్నీ శుభ్రం. సీసం వచ్చినవి ఇనుప తొట్టిలో కడిగినవి మాత్రమే. రెండు ల్యాబులూ ఒకే మాట చెప్తున్నాయి.” లేచి ముందు ఇలియాస్ భాయ్‌కి, తర్వాత నాకు చేయి కలిపాడు. అండాళమ్మ వైపు తిరిగి, “అమ్మా, రేపటినుంచి కూర పంపించండి” అన్నాడు.

“రేపెందుకు సారూ! పొద్దుగాల కోసింది కింద ఆటోలనే ఉన్నది. కొత్త తొట్ల కడిగిందే” అంది అండాళమ్మ.

గది గదంతా నవ్వింది. ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. ఆ అధికారి కూడా నవ్వి, తన కిచెన్‌కు ఫోన్ చేసి ఆ కూరను తీసుకోమన్నాడు. ఇలియాస్ భాయ్ అందరికీ చాయ్ తెప్పించాడు. మా ల్యాబ్‌లో అంత సందడి నేను ఎప్పుడూ చూడలేదు.

రిపోర్టు చేతికిస్తే అండాళమ్మ దాన్ని మడిచి కొంగున పెట్టుకుంది గానీ తృప్తి పడలేదు.

“చెల్లె, గీ కాయితం మా ఊర్ల ఎవ్వలు సదువుతరు? మన్ను ఖరాబైందని నోటితోని అన్నరు. నువ్వు గూడ నోటితోనే చెప్పాలె. ఊర్లకొచ్చి చెప్పు.”

పోయాను. పంచాయతీ ఆఫీసు ముందు జనం నిండిపోయారు. కౌలు ఆసామి కూడా వచ్చి పక్కగా నిలబడ్డాడు. నాకు సభల్లో మాట్లాడే అలవాటు లేదు. తొట్టి కథ చెప్పాను, పెచ్చులు చూపించాను. ఎవరి ఇంట్లోనైనా అట్లాంటి పాత రంగు వేసిన పాత్రలు, డ్రమ్ములు ఉంటే తిండికి, నీళ్లకు వాడొద్దన్నాను. ఒక పెద్దాయన లేచి అడిగాడు.

“మరి గాలిమోటర్ల పొగ సంగతేంది బిడ్డా?”

“రేపటి సంగతి నేను చెప్పలేను బాపూ. అప్పుడు మళ్లా కొలుస్తం. ఇయ్యాల మాత్రం ఆ మడులల్ల మన్ను కొలిచిన, నీళ్లు కొలిచిన, ఆకు కొలిచిన. మన్ను మంచిది. నీళ్లు మంచియి. కూర మంచిది.”

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అండాళమ్మ జనం మధ్యలోంచి తలెత్తుకుని ఆసామి దగ్గరికి నడిచింది. “ఇన్నవా పటేలా? మన్ను మంచిదంట. ఇగ ఇత్తనాలు అలుకుతున్న” అంది. ఆయన అందరి ముందు తలూపక తప్పలేదు.

ఆ ఇనుప తొట్టిని మళ్లీ ఎవరూ కొనకుండా ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకు అప్పగించాం. తొట్టి నీళ్లు పారిన చోట పైమట్టి కూడా ఎత్తించాం. వారాలు తిరక్కుండానే మార్కెట్లో పాల్మాకుల కూర మళ్లీ అమ్ముడైంది. చలి తగ్గే రోజుల్లో రేణుకకు ఆడపిల్ల పుట్టింది. ఫోటోలో పిడికిళ్లు బిగించుకుని, పేచీకి సిద్ధంగా ఉన్నట్టు కనిపించింది. నానమ్మ పోలికే.

ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో, విషం ఎక్కడుందో పట్టుకుంటే నా పని గెలిచినట్టని అనుకునేదాన్ని. మా చదువు, మా యంత్రాలు అన్నీ దానికోసమే కదా. పాల్మాకుల నాకు పనిలోని రెండో సగం నేర్పింది. ఉన్నచోట ఉందని చెప్పడానికి ఒక్క అంకె సరిపోవచ్చు. లేనిచోట లేదని పదిమంది ముందు నిలబడి చెప్పాలంటే మట్టి నుంచి ఆటో దాకా ప్రతి అడుగూ కొలిచి ఉండాలి. అట్లా కొలిచి చెప్పిన ‘లేదు’ అన్న ఒక్క మాట మీద ఒక ఊరు మళ్లీ విత్తనం వేసుకుంటుంది.